ముల్లుగర్ర ఎరగని తోలు

సంతపేటలో మా అంగడి ముందర
లారీలోంచి దించేతలికి నలుగురికీ నడుములు పట్టేసినాయి.
"ఏం సోఫానా ఇది, సూడెనుము మాదిరి ఉండాది"
అన్నాడు హమాలీ కుప్పుసామి.
నిజమే.
కాళ్లు లేవు. నేలకు జానెడెత్తున
కడుపానించి పడుకోనుండాది,
బెల్లం పాకం రంగులో,
ఎవురొచ్చినా లేచేది లేదన్నట్టు.

మొదలారి పల్పు ఫ్యాక్టరీది.
బ్యాంకోళ్లు వేలమేస్తే తిరపతి లాడ్జి ఆయన పాడుకున్నాడు.
మామిడిరసం పిండే మిషన్ల ఎంబడి
అదే ఓడలో ఇటలీ నుంచి
మద్రాసు రేవులో దిగిందంట, నేను పుట్టకముందు.

దాన్ని నేనెరుగుదును.
అది నన్నెరగదు.

స్పంజి పరుపులు వచ్చినాక
మా నాయన దూదేకే విల్లును అటకెక్కించి
కాయల కాలంలో మూటలు మోసేదానికి పోయినాడు.
మురకంబట్టు రోడ్డులో మూడు పగళ్లు
తోతాపురి ట్రాక్టర్ల వరస.
అడుగు కాయలు కుళ్లి, కారి,
టైర్ల కింద మన్నంతా తీపి.
ఆఫీసు అద్దానికి ముక్కానించి చూసినా నేను:
ఫ్యాను కింద అది,
పైన ఎవురూ లేరు.
మా నాయన కాటా పక్కన తుండు పరుచుకోని
కూలి కోసం కూర్చోనుండాడు.

"కొండకు పోయే జనం తోలు మీద కూర్చోరు దస్తగిరీ,
అంతా పెరికేసి మెరూన్ రెగ్జిన్ ఎయ్" అన్నాడు లాడ్జాయన.

బోర్లా తిప్పినా.
మూడు రకాల స్పంజి లోపల,
మా దూదిని తరిమిన స్పంజే, దానికి తాత.
సందుల్లో ఎండిన టెంక చెక్క,
ఏ దేశందో అరిగిపోయిన బిళ్ల.

చర్చి వీధి మునిరత్నాన్ని పిలుచుకొచ్చినా.
చెప్పులు కుట్టే వేళ్లతో మెల్లిగా తడిమినాడు,
వాసన చూసినాడు, ఎండలోకి ఎత్తి చూసినాడు.
"వాత లేదు. పలుపు రాపిడి లేదు.
గోమారి కరిసిన చుక్క గూడా లేదు.
ఈ గొడ్డు ముల్లుగర్ర ఎరగదబ్బా."
"మరి ఏం పని చేసినట్టు?"
"మేసింది. అంతే."
నవ్వినాడు.
మళ్లీ దాన్నే చూస్తా బీడీ ఆరిపోయిందాకా నిలబన్నాడు.

అంచుల్లో మాత్రం చేతికుట్టు.
నేనేసే వాలు కాదు, దానికి ఎదురు వాలు.
మా అమ్మ పరుపుల మూలలు అట్లనే కుట్టేది.
పుర్రచేతి మనిషి బిడ్డను,
నాకు తెలవదా?

ఎడం మూల తిరిగే తావ
తొమ్మిది కుట్లు బిగుతుగా పడుండాయి,
దారం తోలును కోసేటంత.
ఆ పొద్దు ఆమెకు చలేసిందో,
మేస్త్రీ మీద కోపమో,
ఇంటికి పోతే పొయ్యి మీదికి ఏముందని యోచనో.
"ఆడమనిషని ఎట్ల చెప్తావు?" అనింది నా కూతురు షంషాద్.
చెప్పలేను.
సూది పట్టుకోని పుర్రచేత్తో ఒక కుట్టేసి చూసినా,
వేలిలో దిగింది.

నాలుగు దినాల్లో పనైపోయింది.
మెరూన్ రెగ్జిన్, అంచుకు బంగారు పైపింగ్.
లాడ్జాయన చేత్తో చరిచి
"ఇప్పుడుండాది చూడు, సోఫా మాదిరి" అన్నాడు.
మూడొందలు తగ్గించి ఇచ్చినాడు.

తోలు నాకే వదిలేసినాడు.
అటక మీద విల్లు పక్కన చుట్టి పెట్టినా.
వాన పడే రాత్రుల్లో
పైన ఏదో గొడ్డు కదిలినట్టు వాసన.

ఆ మూల మటుకు నేను పెరకలా.
తొమ్మిది కుట్లూ రెగ్జిన్ కింద అట్లనే ఉండాయి,
గుండుకు గంధం పూసుకున్నోళ్లు
రూము తాళం కోసం కాచుకోనుంటే
వాళ్ల మోచేతుల కింద.

"ఒగసారన్నా కూర్చున్నావా నాయనా?"
అనడిగింది షంషాద్.

యాడమ్మా.
నా తావ ఉన్నన్నాళ్లూ
అది బోర్లానే కదా ఉండింది.